పుష్కరాలకి గదులు, మరుగుదొడ్లు ఏటిగట్టు లోపల కట్టాలా, బయటా?

గట్టు ఊరు:
2027లో గోదావరి పుష్కరాలు. మా రేవు దగ్గర ఏం కట్టించుకోవాలన్న మాట ఊళ్ళో అప్పుడే మొదలైంది. మాది గోదావరి పాయ వశిష్ట ఒడ్డు. ఇప్పుడున్న మెట్లని ఎగువకి పొడిగించి, పక్కనే బట్టలు మార్చుకునే గదులు, మరుగుదొడ్లు, కార్లు ఆపడానికి చదును చేసిన జాగా, అన్నీ గట్టుకీ ఏటికీ మధ్యే కావాలని ఎక్కువమంది అంటున్నారు. నేను ఒప్పుకోలేకపోతున్నాను. 2015లో మా దగ్గర ఇలాగే కట్టారు. 2022 జులైలో ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీటిమట్టం 21 అడుగులు దాటింది, మూడో హెచ్చరికే 17.75 అడుగులకి ఇస్తారు. ఆ వరద తీశాక చూస్తే గదుల్లో నడుం లోతు ఒండ్రు, తలుపులు లేవు, మరుగుదొడ్ల గుంటల్లో ఉన్నదంతా ఏట్లో కలిసిపోయింది. మళ్ళీ అదే చోట కట్టాలా? మీ ఊళ్ళలో ఏమనుకుంటున్నారు?

రాజమండ్రి కోడలు:
మీ బాధ అర్థమైంది గానీ ఆడవాళ్ళ వైపు నుంచి కూడా చూడండి. 70 ఏళ్ళు దాటిన మా అత్తగారు తడిచీరతో గట్టెక్కి అవతలికి దిగి బట్టలు మార్చుకోవాలంటే అయ్యే పనేనా? మరుగుదొడ్డి దూరమని పొద్దుటి నుంచీ మంచినీళ్ళు కూడా తాగకుండా ఉండేవాళ్ళని నేను చూశాను. 2015 జులై 14న, మొదటి రోజే, ఇక్కడి పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగి పాతికమందికి పైగా పోయారు. మా వీధి ఆ రోజుని ఇంకా మర్చిపోలేదు. చోటు విశాలంగా ఉండాలి, సౌకర్యాలు దగ్గరుండాలి. పక్షులూ చెట్లూ ముఖ్యమే, మనిషి ప్రాణం తర్వాతే.

సైటు పని:
నేను కాలువ పనుల్లో ఇరవై ఏళ్ళుగా ఉన్నాను. మెట్లు మాత్రం గట్టివే కావాలి, మట్టి ఒడ్డు మీద జనం దిగితే రెండు రోజుల్లో జారిపోతుంది. కానీ ఏట్లోకి పొడుచుకొచ్చేలా గోడ కట్టకూడదు. ప్రవాహం దానికి తగిలి మళ్ళి అవతలి ఒడ్డుని కోస్తుంది. ఏటి మధ్య లంకల్లో కొబ్బరిచెట్లు వరసకి వరస ఏట్లో పడిపోవడం మనం చూస్తున్నదే. కోతకి కారణాలు చాలా ఉన్నాయి, వాటికి ఇంకొకటి మనం కలపొద్దు.

గట్టు ఊరు:
కోడలు గారూ, మీ అత్తగారి మాట చదివాక నేను కాస్త మారాను. దగ్గరగా ఉండాలి, నిజమే. అయితే దగ్గరుండడానికి సిమెంటు గదే అక్కర్లేదండి. పుష్కరాలు 12 రోజులు. ఆ 12 రోజులకి ఇనప చట్రాలు, రేకులతో గదులు రేవు పక్కనే నిలబెట్టి తర్వాత విప్పేయొచ్చు. మరుగుదొడ్లు కూడా గుంట తవ్వకుండా, కింద ట్యాంకు ఉండి లారీతో తోడుకెళ్ళేవి పెట్టొచ్చు. శాశ్వతంగా కట్టేవి మాత్రం గట్టు అవతల, బడి దగ్గరో బస్టాండు దగ్గరో కడితే మిగతా పన్నెండేళ్ళూ ఊరికి పనికొస్తాయి.

ఇక తొక్కిసలాట. ఆ రోజు జనమంతా ఒకే ఘాట్‌కి చేరడమే ప్రాణాలమీదికి తెచ్చింది. ఒక్క పెద్ద ఘాట్ కట్టి అందరినీ అక్కడికి రప్పించే బదులు ఊరూరా ఉన్న చిన్న రేవుల్ని బాగుచేస్తే జనమూ చెదురుతుంది, ఒడ్డూ మిగులుతుంది. రేవుకీ రేవుకీ మధ్య రెల్లు, జమ్ము అలాగే ఉండనివ్వాలి. వాటి వేళ్ళే కదా ఒడ్డుని పట్టుకునేది. ఆ మట్టి ఒడ్డులోనే లకుముకి పిట్ట బొరియ చేసుకుంటుంది, ఇసుక మేటల మీద తీతువు గుడ్లు పెడుతుంది. చదును చేసి కార్లు నిలిపితే రెండూ పోతాయి. కార్లు గట్టు దాటి లోపలికి రానేకూడదు.

ఇంకో సంగతి, రాజమండ్రి ఘాట్లు ఆనకట్టకి ఎగువన ఉన్నాయి. అక్కడ ఏట్లో కలిసింది ధవళేశ్వరం నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువల్లోకి వస్తుంది. మా ఊరి మంచినీళ్ళ చెరువు నింపేది ఆ కాలువ నీళ్ళతోనే. ఆ నీళ్ళు తాగేవాళ్ళూ మనుషులే కదండీ, అందుకే ఇది పిట్టలకీ మనుషులకీ మధ్య పోటీ అని నాకు అనిపించదు.

రాజమండ్రి కోడలు:
రేకుల గదులకి నేల బురద కాకూడదు, లోపల లైటు ఉండాలి, తలుపుకి గడియ పడాలి. ఆ మూడూ ఉంటే నాకు అభ్యంతరం లేదు. కార్తీకమాసంలో మాటేమిటి? అప్పుడూ జనం వస్తారుగా.

సైటు పని:
కార్తీకానికి వరద తగ్గిపోతుంది, అవే చట్రాలు మళ్ళీ బిగించొచ్చు. పంచాయతీ దగ్గర భద్రం చేసే చోటు మాత్రం ముందే చూసుకోవాలి, లేకపోతే తుప్పుపట్టి పోతాయి. మెట్ల పక్కన వాలు దారి ఒకటి కూడా అడగండి, కర్ర పట్టుకుని నడిచేవాళ్ళకి, చక్రాల కుర్చీకి.

గట్టు ఊరు:
వాలు దారి సంగతి నాకు తట్టలేదు, రాసుకున్నాను. పొద్దున్న అమ్మని తీసుకెళ్ళి గట్టు మీద నుంచి రేవు దాకా నడిపించి చూశాను. మధ్యలో రెండుసార్లు కూర్చుంది. ఆ రెండు చోట్లా నీడకి కానుగ మొక్కలు, కింద ఒక్కో రాతి బల్ల కావాలని అర్జీలో చేరుస్తున్నాను.