ఊరి చరిత్ర మ్యూజియంలో చిత్రకారుడి ఊహకి గోడ ఇవ్వొచ్చా?

మాంట్రియల్_ఆవకాయ:
2019లో ఒక ఆదివారం, బయట చలికి తట్టుకోలేక, పిల్లలిద్దర్నీ తీసుకుని షెర్‌బ్రూక్ వీధిలోని మెకార్డ్ మ్యూజియంకి వెళ్ళాం. అది ఈ ఊరి సామాజిక చరిత్ర మ్యూజియం. పాత గౌన్లు, ఆటబొమ్మలు, ఫొటోలు చూడొచ్చనుకున్నాం. లోపల కెంట్ మంక్‌మన్ ప్రదర్శన. ఆయన క్రీ జాతి ఆదివాసీ, క్వీర్‌ననీ టూ-స్పిరిట్‌ననీ చెప్పుకునే చిత్రకారుడు. (టూ-స్పిరిట్ అంటే ఆడా మగా రెండు ఆత్మలూ తమలో ఉన్నాయనే ఆదివాసీలు వాడుకునే మాట.) కెనడాని కూడగట్టిన పెద్దమనుషులు బల్ల చుట్టూ చేరిన పాత చిత్రం ఒకటుంది కదా, దాన్నే మళ్ళీ వేసి, వాళ్ళ ముందు మిస్ చీఫ్ అనే పాత్రని, అంటే తన టూ-స్పిరిట్ ప్రతిరూపాన్ని, ఒంటిమీద నూలుపోగు లేకుండా కూర్చోబెట్టాడు. మా ఆయన అక్కడే గింజుకున్నాడు. "ఆర్ట్ గ్యాలరీలో పెట్టుకోమను, నాకేం. చరిత్ర మ్యూజియంలో జరిగింది పెట్టాలి." ఇన్నేళ్ళయినా ఇంట్లో ఈ వాదన తెగలేదు. మీరేమంటారు?

హిస్టరీ_మాస్టారు:
అమ్మాయీ, మీవారి మాటే నాదీ. ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరయ్యాను. పిల్లలు కింద అంటించిన చీటీ చదవరు, బొమ్మ చూసి ముందుకెళ్తారు. ఆ రోజు ఆ గదిలో మిస్ చీఫ్ లేదు. ఒకరి ఊహని ఒప్పుకుంటే రేపు ప్రతి ఊళ్ళోనూ ఎవరి పురాణం వాళ్ళు పట్టుకొచ్చి చరిత్ర గదిలో మేకు కొడతారు. మన దగ్గర అదెంత తేలికో చెప్పాలా? చిత్రకారుడు ఎవరితో కాపరం చేస్తే నాకేం, నా పేచీ అది కాదు.

గోదారిగట్టు:
మాస్టారండీ, ఆ "అసలు" చిత్రం సంగతి కూడా చూడండి. సమావేశాలు జరిగింది 1864లో. రాబర్ట్ హారిస్ బొమ్మ పూర్తి చేసింది 1884లో, ఇరవై ఏళ్ళ తర్వాత. అదీ 1916లో పార్లమెంటు భవనం తగలబడినప్పుడు కాలిపోయింది. ఇప్పుడు మనం చూసేవన్నీ నకళ్ళే.

ఇక మెకార్డ్‌కి పెద్ద ఆస్తి విలియం నాట్‌మన్ ఫొటోలు. 1856లో మాంట్రియల్ వచ్చి స్టూడియో పెట్టాడు. మంచులో వేటగాళ్ళ ఫొటోలు కావాలంటే స్టూడియోలోనే ఉప్పు చల్లి మంచనిపించాడు. 1870 స్కేటింగ్ కార్నివాల్ ఫొటో అయితే మరీనూ. వేషాలేసుకున్నవాళ్ళని విడివిడిగా స్టూడియోలో నిలబెట్టి తీసి, కత్తిరించి, రంగులేసిన తెరమీద అతికించారు. వాళ్ళంతా ఒకేసారి ఆ భంగిమల్లో ఎక్కడా నిలబడలేదు. 2014లో అదే మ్యూజియం మంక్‌మన్‌ని పిలిచి ఆ ఫొటోల మధ్య పని చేసుకోమంది. ఆయన ఆ మనుషుల్నే కాన్వాసు మీదికి దించాడు. ఉప్పుకి ఉప్పే జవాబండీ.

హిస్టరీ_మాస్టారు:
బాగుంది. కానీ హారిస్ గీసినవాళ్ళు ఆ సభల్లో కూర్చున్నవాళ్ళు. నాట్‌మన్ అతికించినవాళ్ళు కార్నివాల్‌కి వచ్చినవాళ్ళు. అమరిక కల్పితం, మనుషులు నిజం. మిస్ చీఫ్ ఏ పత్రంలో ఉంది?

గోదారిగట్టు:
ఎందుకు లేదో అదే కదండీ కథ. జార్జ్ క్యాట్లిన్ అని, 1830ల్లో అమెరికా మైదానాల్లో తిరిగి ఆదివాసుల బొమ్మలు వేసినవాడు. ఆడవాళ్ళ దుస్తుల్లో ఉండే ఒక మనిషి చుట్టూ యోధులు నాట్యం చేస్తుంటే చూసి గీశాడు. గీసి, ఈ ఆచారం ఇంతకంటే వివరంగా నమోదయ్యేలోపే అంతరించిపోవాలని కోరుకుంటూ రాశాడు. చూసినవాడే చెరిగిపోవాలనుకుంటే పత్రం ఎక్కణ్ణుంచి వస్తుంది?

పాతబస్తీ_పిల్ల:
మాస్టారూ, పత్రం కావాల్నా? మా హైదరాబాదుల ఉండె. నిజాం కాలంల 1329 ఫసలీ చట్టం, అంటే 1919. ఊర్లె ఉన్న హిజ్రాల పేర్లు రిజిస్టర్ల ఎక్కియ్యాలె. ఆడోళ్ళ బట్టలేసుకొని, నగలు పెట్టుకొని వీధిల కనవడ్తె వారంటు లేకుంట పట్టుకపోవచ్చు. 2023 జులైల తెలంగాణ హైకోర్టు కొట్టేసేదాక అది చట్టమే. నూరేండ్లు దాటింది. నేను ట్రాన్స్ మహిళను. నా ముందటోళ్ళ గురించి నా ఊరి మ్యూజియంల ఏమన్న పెట్టాలంటె, సర్కారు వాళ్ళను పట్టుకునేతందుకు రాసిన కాయిదాలే ముందుగాల దొరుకుతయ్. అవి పెడ్తె నిజమంట, వాళ్ళు పెండ్లిండ్లల్ల పాడిన పాటను ఎవరన్న మళ్ళ కట్టి పాడితె ఊహంట. ఇదేం తూకం?

అట్లని గోదారన్న లెక్క చప్పట్లు గూడ కొట్ట. ఆర్టిస్టును పిలుస్తరు, కొన్ని నెలలు గోడ ఇస్తరు, పేపర్ల ఫొటోలొస్తయ్, మళ్ళ అవే అద్దాల పెట్టెలు. లేబుల్ రాసేటోడు మారడు, ఏం కొనాల్నో చెప్పే కమిటీ మారదు. కిరాయికిచ్చి ఇల్లు రాసిచ్చినట్టు మాట్లాడకుండ్రి. ఇంకో సంగతి. 2020ల మంక్‌మన్ అప్పటి కెనడా ప్రధాని ట్రూడో మీద సెక్సుకు సంబంధించిన ఒక బొమ్మేస్తె, అండ్ల ఆ మనిషి ఒప్పుకోలు యాడున్నదని ఆదివాసీ ఆడోళ్ళే నిలదీసిన్రు. ఆయన క్షమాపణ చెప్పిండు. ఒక్కరిని పిలిచి "మీ అందరి తరఫున" అంటె గిట్లనే అయితది.

మాంట్రియల్_ఆవకాయ:
పాతబస్తీ అక్కా, గోడ కొన్ని నెలలే అన్నది నిజం. అయినా ఒక గది చెప్పాలి. పోలీసులూ పాదిరీలూ నన్‌లూ కలిసి తల్లుల చేతుల్లోంచి పిల్లల్ని లాక్కుపోయే పెద్ద చిత్రం. దాని పక్కన గోడకి పాత ఉయ్యాల పలకలు, పసిబిడ్డని చుట్టబెట్టి వీపుకి తగిలించుకునేవి. మధ్యమధ్య ఉయ్యాల లేదు. దాని ఆకారంలో సుద్దగీత, అంతే. ఆదివాసీ పిల్లల్ని ఇంటికీ భాషకీ దూరం చెయ్యడానికి కెనడా ప్రభుత్వమూ చర్చిలూ నడిపిన రెసిడెన్షియల్ స్కూళ్ళకి అలా పోయిన పిల్లలు దాదాపు లక్షన్నర మంది. మాస్టారూ, ఆ ఉయ్యాలలు ఊహ కావు, అసలైన పాత వస్తువులే. అద్దాల పెట్టెలో మామూలుగా వాటి కింద ఏం రాస్తారు? తోలు, పూసలు, ఫలానా ప్రాంతం.

హిస్టరీ_మాస్టారు:
సుద్దగీతకి ఒప్పుకుంటాను. అది లేనిదాన్ని లేదనే చెప్తోంది. బల్ల ముందు కూర్చున్నావిడకి ఇంకా ఒప్పుకోను, రెండిటికీ ఒకే మార్కులు వెయ్యలేను. ఆ ఫసలీ చట్టం సంగతి మాత్రం నేను ముప్ఫై ఏళ్ళలో ఒక్క క్లాసులోనూ చెప్పలేదమ్మా. నాకు తెలియనే తెలియదు.

పాతబస్తీ_పిల్ల:
ఇప్పుడు తెలిసింది గద మాస్టారూ. మీ మనవళ్ళకు చెప్పుండ్రి.

మాంట్రియల్_ఆవకాయ:
మా ఆయనకి అంతా చదివి వినిపించాను. మిస్ చీఫ్ మీద మాట మార్చలేదు. కానీ అది ఉప్పంటే నమ్మడట. ఈ ఆదివారం వెళ్ళి ఆ వేటగాళ్ళ ఫొటోలు దగ్గరగా చూస్తాడట. పిల్లలు రామన్నారు, పెద్దవాళ్ళయిపోయారు.