కంపెనీ మారగానే పీఎఫ్ ఖాళీ చేసేవాళ్లకు తాళం వేయాలా?

ఏలూరు_ఫిట్టర్: పీఎఫ్‌లో 25 శాతం ఎప్పుడూ ఖాతాలోనే ఉండాలని 2025 అక్టోబర్‌లో ఈపీఎఫ్‌ఓ ట్రస్టీల బోర్డు నిర్ణయించింది కదా, నన్నడిగితే సగం ఉంచాలి. మా దగ్గర కుర్రాళ్లు ఉద్యోగం మారడం ఆలస్యం, పీఎఫ్ మొత్తం తీసుకునే ఫారం 19, పింఛను సొమ్ము తీసుకునే 10సీ రెండూ పెట్టేస్తారు. 10సీ పెడితే పింఛను లెక్కలో అప్పటిదాకా చేసిన సర్వీసు పోయినట్టే, పింఛనుకేమో పదేళ్లు నిండాలి. ఆ డబ్బేమో బండికీ ఫోనుకీ. మనసు మీద అదుపు లేనివాళ్లకు తాళమే గతి.

ఉప్పల్_సరిత: మా డబ్బుకు మీ తాళమేంటండీ? 2016లో యజమాని వాటా 58 ఏళ్లదాకా ముట్టుకోకూడదంటే బెంగళూరు గార్మెంట్ ఆడవాళ్లు రోడ్డెక్కారు, కేంద్రం వెనక్కి తగ్గింది. వాళ్లందరికీ అదుపు లేకనా? మా కంపెనీ మూతపడ్డాక నేనూ తీశాను, అమ్మ ఆపరేషన్‌కి.

లెక్కలాయన: ఐదేళ్ల సర్వీసు నిండకుండా 50 వేలు, ఆపైన తీస్తే టీడీఎస్, అంటే చేతికిచ్చే ముందే కోసే పన్ను, పడుతుంది. అది ఎవరూ చెప్పరేం?

ఏలూరు_ఫిట్టర్: వైద్యానికి ఎవరు వద్దన్నారు? నేనన్నది బండ్ల గురించి.

ఉప్పల్_సరిత: తాళం వేస్తే నాకూ పడుతుంది కదా. నెలాఖరుకి అప్పు చేసేవాళ్లకు అదుపు గురించి పాఠాలు చెప్పకండి.

రమణి77: జీతం పడ్డ మర్నాడే ఆర్డీకి (నెలనెలా కట్టే బ్యాంకు డిపాజిట్) ఆటో డెబిట్ పెట్టుకున్నా. కంటికి కనపడని డబ్బు ఖర్చవదు.

లెక్కలాయన: టీడీఎస్ సంగతి అలాగే ఉంది.

ఏలూరు_ఫిట్టర్: పాఠాలా? మా నాన్న మిల్లులో చేశాడు. అక్క పెళ్లికి పీఎఫ్ నుంచి ఒక అడ్వాన్సు, ఇంటికి ఒక అడ్వాన్సు, రిటైరయ్యేసరికి అడుగున కాస్త మిగిలింది. ఇప్పుడు నెలకు వెయ్యి రూపాయల పింఛను, బీపీ షుగరు మందులకే సరిపోదు. మిగతాదంతా నా జీతంలోంచే. పెళ్లి తగ్గించి చేద్దామని ఆ రోజు ఆయన గట్టిగా అనుంటే నాకీ టెన్షన్ ఉండేది కాదు.

ఉప్పల్_సరిత: మరి ముందే చెప్పొచ్చు కదా, బండ్లూ ఫోన్లూ ఎందుకు తెచ్చారు? మీ నాన్నకు అదుపు లేక కాదు, ఆ జీతానికి పెళ్లి మరోలా జరగదు. కష్టపడి దాచింది ఇంట్లో అందరిదీ అని నేను నమ్ముతాను. మీరు ఆయన ఒక్కడిదే అంటున్నారు.

ఏలూరు_ఫిట్టర్: అందరిదీ అయితే మందుల ఖర్చు కూడా అందరూ పంచుకోవాలి. అక్కావాళ్లు పండక్కి వచ్చి వెళ్తారు, మందుల చీటీ నా జేబులోనే ఉంటుంది. నా పీఎఫ్ మీద మాత్రం ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వను.