చెవులు, పళ్లు, కళ్లు మూడిటికీ ఒకే జన్యు లోపమా? రిపోర్టు తేల్చట్లేదు

నమస్కారమండి. మాది అమలాపురం దగ్గర పల్లె. మా పెద్దపాపకి 11 ఏళ్లు. మాది మేనరికం.

రెండో ఏట బెరా (చెవి నుంచి మెదడుకి శబ్దం చేరుతోందో లేదో చూసే) పరీక్షలో రెండు చెవులకీ నరాల వినికిడి లోపం అని తేలింది, మిషన్లు పెట్టుకుంటోంది. పాలపళ్లు బాగానే వచ్చాయి. ఊడి మళ్లీ వచ్చిన పళ్లకే ఎనామిల్ (పంటి మీది గట్టి పొర) లేదు. పచ్చగా, గరుగ్గా ఉన్నాయి, కొబ్బరి ముక్క కొరికినా అంచు రాలుతోంది. ఫ్లోరైడ్ నీళ్ల వల్ల అన్నారు. అవే నీళ్లు తాగే చిన్నదాని పళ్లు మల్లెమొగ్గలండి! దవడ పళ్లకి స్టీల్ క్యాపులు వేయిస్తే రెండు ఊడిపోయాయి.

నిరుటి నుంచి సందెవేళ గడప తన్నుకుంటోంది. విటమిన్ ఏ మూడు నెలలు వాడినా తేడా లేదు. కాకినాడలో చూపిస్తే రెటీనాలో మచ్చలున్నాయన్నారు. గోళ్ల మీద అడ్డగీతలు కూడా ఉన్నాయి.

మొదట అషర్ సిండ్రోమ్ (వినికిడి, చూపు రెండూ తగ్గే జన్యు జబ్బు) అనుకున్నారు, కానీ దానికి ఎనామిల్ పోదట. జన్యువుల్లో ముఖ్య భాగాలన్నీ చదివే ఎక్సోమ్ పరీక్షలో పీఈఎక్స్6 అనే జన్యువు రెండు కాపీల్లోనూ ఒకే మార్పు కనిపించింది. హైమ్లర్ సిండ్రోమ్ (చెవులు, పళ్లు, గోళ్లు, కళ్లు దెబ్బతినే అరుదైన జన్యు జబ్బు) అని అనుమానం. రిపోర్టులో మాత్రం 'ప్రాముఖ్యం తేలని మార్పు' అనే రాశారు, అంటే జబ్బుకి అదే కారణమో కాదో తెలియదట. మా ఇద్దరికీ చేస్తే చెరో కాపీలో ఆ మార్పు ఉంది. ఈ జన్యువు పాడైతే రక్తంలో పెరగగల చాలా పొడవు గొలుసు కొవ్వు ఆమ్లాలు చూస్తే నార్మల్. హైమ్లర్‌లో అవి నార్మల్‌గా ఉండొచ్చు కాబట్టి అదీ తేల్చలేదు.

ఇలాంటి రిపోర్టు వచ్చినవాళ్లు, జబ్బు ఇదేనని ఖాయం చేసుకోవడానికి ఆ తర్వాత ఏ పరీక్ష, ఎక్కడ చేయించారు?