‘ఘోస్ట్ ఇమేజింగ్’ని తెలుగులో ఏమందాం?

అనువాదకుడు: రైతుల పత్రికకి ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాల వాళ్లు బతికున్న మొక్కల్ని, వాటిని కదిలించకుండా, క్వాంటమ్ కాంతితో బొమ్మ తీశారు. 2024 నాటి సంగతి. పద్ధతి పేరు ఘోస్ట్ ఇమేజింగ్. ‘భూత చిత్రణ’ అని రాస్తే మా ఆవిడ చదివి, ‘మొక్కకి దయ్యం పట్టిందా?’ అంది. ‘ఛాయాచిత్రణ’ అందామంటే మామూలు ఫొటో అయిపోతుంది.

పాత సంచిక: పని తెలియకుండా పేరెలా పెడతామండీ? లోపల ఏం జరుగుతుందో ముందు చెప్పండి.

అనువాదకుడు: ప్రత్యేకమైన స్ఫటికంలోకి లేజర్ పంపితే ఎప్పుడో ఒక ఫోటాను, అంటే వెలుగు కణం, రెండుగా చీలుతుంది. కవలలు అనుకోండి. ఒకటి కంటికి కనిపించని పరారుణం (ఇన్‌ఫ్రారెడ్), రెండోది కనిపించే రంగు. పరారుణం ఆకు దగ్గరికి వెళ్తుంది. ఆకుని దాటి వస్తే అటువైపున్న పరికరం ‘వచ్చింది’ అని వేళ మాత్రం రాసుకుంటుంది, ఎక్కణ్ణించి వచ్చిందో దానికి అక్కర్లేదు. రెండోది మొక్క మొహమే చూడదు, నేరుగా కెమెరాకి పోతుంది. ఇద్దరి వేళలూ సరిచూసి, కలిసినవాటినే ఉంచుకుంటే కెమెరాలో ఆకు బొమ్మ తేలుతుంది!

పరారుణం దేనికంటే, కొన్ని పరారుణ కిరణాల్ని ఆకులోని నీరు పీల్చేసుకుంటుంది. తడి ఎంతుందో బొమ్మలోనే తెలుస్తుంది. పైగా వెలుగు అతి తక్కువ చాలు. చీకట్లో ఉన్న మొక్క మీద మామూలు లైటు వేస్తే పత్రరంధ్రాలు తెరుచుకుంటాయి, కిరణజన్య సంయోగక్రియ మొదలవుతుంది. రాత్రి మొక్కని చూద్దామని వెళ్లి పగటి మొక్కని చూసొస్తాం.

గుంటూరు కారం: అయితే ‘కవల చిత్రణ’ అనేయండి, టెన్షన్ ఉండదు.

ఫిజిక్స్ మాస్టారు: కుదరదు. 1995లో అమెరికాలోని మేరీలాండ్‌లో యాన్హువా షి అనే భౌతికశాస్త్రవేత్త బృందం కవల ఫోటాన్లతోనే చేసింది, నిజమే. కానీ 2002లో రోచెస్టర్‌లో మామూలు లేజరుతోనూ చేసి చూపించారు. దాన్నీ ఘోస్ట్ ఇమేజింగ్ అనే అంటారు. కవలలు లేని కవల చిత్రణ అవుతుంది మీది.

కోనసీమ అమ్మాయి: మాస్టారూ, ‘సోకు’ ఎలా ఉంటుంది? చిన్నప్పుడు మా నాయనమ్మ గుమ్మడి పిందెకి వేలు చూపించనిచ్చేది కాదు, కుళ్లిపోతుందని. పాదు మీద ఎన్ని పిందెలున్నాయో చెప్పాలంటే వేలు మడిచి, కణుపుతో చూపించేవాళ్లం. దృష్టి అనే మాటే కదా దిష్టి అయింది! చూపు తగులుతుందని మన భాష నమ్మింది, వెలుగు తగులుతుందని వీళ్లూ అంటున్నారు. ఎండ సోకుతుంది, గాలి సోకుతుంది, జబ్బు సోకుతుంది. దయ్యమూ సోకుతుంది! మీ ఘోస్ట్ ఎక్కడికీ పోలేదు.

గుంటూరు కారం: ‘సోకు చిత్రం’ అని పెడితే పెళ్లికూతురి మేకప్ ఫొటో అనుకుంటారు.

పాత సంచిక: నామవాచకం చేయకండి, క్రియగానే వాడండి. ‘సోకని వెలుగు’ బాగుంది. తాకని, తగలని అన్నా అర్థం వస్తుంది గానీ, ‘సోకని’లో మెత్తదనం ఉంది.

ఫిజిక్స్ మాస్టారు: ఒక్క మాట. మొక్కకి ఏ వెలుగూ సోకలేదని మాత్రం రాయకండి. పరారుణం సోకుతుంది. సోకనిది బొమ్మ గీసిన వెలుగు.

అనువాదకుడు: సరే. ‘ఆకుని సోకని వెలుగు గీసిన ఆకు బొమ్మ’ అని శీర్షిక. లోపల ఘోస్ట్ ఇమేజింగ్ అనే ఉంచుతాను.

పాత సంచిక: ‘ఆకుని సోకని’నా, ‘ఆకుకి సోకని’నా? జబ్బు మనిషికి సోకుతుంది మరి.