కంట్రీ పురస్కారాల అంచనా: ‘సింగిల్’ గెలిచిన పాటే ‘సాంగ్’ కూడా గెలుస్తుందని రాసేయవచ్చా?

పల్లవి_చరణం (చర్చ ప్రారంభం)

ఏటా నవంబరులో అమెరికాలోని నాష్‌విల్‌లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్, అంటే సీఎంఏ, పురస్కారాలు ప్రకటించే ముందు విజేతలను ఊహించి రాసుకునే అలవాటున్న మనమందరం ఒక్కచోట తడబడుతుంటాం. అక్కడ ‘సింగిల్ ఆఫ్ ది ఇయర్’, ‘సాంగ్ ఆఫ్ ది ఇయర్’ అని రెండు పురస్కారాలున్నాయి. వినడానికి రెండూ ఒకటేననిపిస్తుంది. కానీ మొదటిది రికార్డింగుకు ఇచ్చేది కాబట్టి గాయకులకు, నిర్మాతలకు, మిక్సింగ్ ఇంజినీర్లకు అందుతుంది. రెండోది సాహిత్యానికీ బాణీకీ ఇచ్చేది కాబట్టి రాసినవారికి అందుతుంది. 2023లో ‘ఫాస్ట్ కార్’, 2024లో ‘వైట్ హార్స్’, 2025లో ‘యు లుక్ లైక్ యు లవ్ మీ’ వరుసగా రెండింటినీ గెలుచుకోవడంతో, సింగిల్ ఏదో తేలితే సాంగ్ కూడా అదేనని చాలామంది కళ్లు మూసుకుని రాసేస్తున్నారు. అది సరైన పద్ధతి కాదని నా గట్టి అభిప్రాయం.

2013 నుంచి 2025 వరకు 13 ఏళ్లలో రెండు పురస్కారాలూ ఒకే పాటకు వచ్చింది 7 సార్లే. మిగిలిన 6 సార్లు అవి వేర్వేరు పాటలకు వెళ్లాయి. అంటే కళ్లు మూసుకుని రాసే అంచనాకు, బొమ్మా బొరుసూ వేయడానికి పెద్ద తేడా లేదు. అయితే ఆ జాబితాకు సింగిల్‌ను పాడినవారే రాశారా లేదా అన్న వివరం జోడించి చూస్తే నాకొక క్రమం కనిపించింది. 2017 నుంచి చూడండి. ‘బ్రోకెన్ హేలోస్’ (2018), ‘ది బోన్స్’ (2020), ‘స్టార్టింగ్ ఓవర్’ (2021), ‘వైట్ హార్స్’ (2024), ‘యు లుక్ లైక్ యు లవ్ మీ’ (2025), ఈ ఐదింటిలోనూ పాడినవారికి రచనలో భాగముంది. ఐదూ రెండు పురస్కారాలూ గెలిచాయి. ‘బ్లూ ఏంట్ యువర్ కలర్’ను కీత్ అర్బన్ (2017), ‘గాడ్స్ కంట్రీ’ని బ్లేక్ షెల్టన్ (2019), ‘టిల్ యు కాంట్’ను కోడీ జాన్సన్ (2022) పాడారే కానీ రాయలేదు, ఆ మూడేళ్లూ సాంగ్ పురస్కారం వేరే పాటకు పోయింది. ఈ తొమ్మిదేళ్లలో ఈ లెక్కకు లొంగనిది, పాడిన ల్యూక్ కూంబ్స్ రాయకపోయినా రెండూ గెలిచిన ‘ఫాస్ట్ కార్’ ఒక్కటే.

అందుచేత నా ప్రతిపాదన ఇది: పాడినవారు రాసిన సింగిల్ అయితేనే రెండు గడుల్లోనూ ఒకే పేరు రాయాలి, లేకపోతే సాంగ్‌ను విడిగా ఊహించాలి.

లెక్కలపుస్తకం

మీరు శ్రద్ధగా లెక్క కట్టారు కానీ, మొదలుపెట్టిన ఏడాదిని మీకు అనుకూలంగా ఎంచుకున్నారని చెప్పక తప్పదు. మీరే పేర్కొన్న 13 ఏళ్లలో మొదటి నాలుగింటిని ఎందుకు వదిలేశారు? 2013లో ‘క్రూజ్’ను ఫ్లోరిడా జార్జియా లైన్ ఇద్దరూ పాడారు, రచనలోనూ ఉన్నారు, అయినా సాంగ్ పురస్కారం ‘ఐ డ్రైవ్ యువర్ ట్రక్’కు వెళ్లింది. 2014లో ‘ఆటోమేటిక్’ రచనలో మిరాండా లాంబర్ట్ ఉన్నారు. సాంగ్ ‘ఫాలో యువర్ ఏరో’కు వెళ్లింది. 2016లో ‘డై ఎ హ్యాపీ మ్యాన్’ రచనలో థామస్ రెట్ ఉన్నారు. సాంగ్ ‘హంబుల్ అండ్ కైండ్’కు వెళ్లింది. ఇక 2015లో రెండూ గెలిచిన ‘గర్ల్ క్రష్’ను లిటిల్ బిగ్ టౌన్ బృందంలో ఎవరూ రాయలేదు, అది హిల్లరీ లిండ్సే, లోరీ మెకెన్నా, లిజ్ రోజ్ అనే ముగ్గురు రచయిత్రుల పాట. అంటే మీ నియమం 2017 నుంచి 9లో 8 సార్లు నిలబడితే, అంతకు ముందు నాలుగుకు నాలుగు సార్లూ తలకిందులైంది.

పైగా మీ ఐదు ఉదాహరణల్లో మూడు (‘బ్రోకెన్ హేలోస్’, ‘స్టార్టింగ్ ఓవర్’, ‘వైట్ హార్స్’) రచయితా గాయకుడూ అయిన క్రిస్ స్టేపుల్టన్‌వే. అది నియమం అనిపించుకోదు, ఒక మనిషి మీద ఓటర్లకున్న గౌరవం అనిపించుకుంటుంది.

పాతరేడియో

ఇద్దరూ గత పుష్కర కాలానికే పరిమితమయ్యారు. సాంగ్ పురస్కారం స్వభావం తెలియాలంటే వెనక్కి వెళ్లాలి. జార్జ్ జోన్స్ పాడిన ‘హీ స్టాప్డ్ లవింగ్ హర్ టుడే’ 1980లో సింగిల్, సాంగ్ రెండూ గెలిచింది. మరుసటి ఏడాది సింగిల్ ఓక్ రిడ్జ్ బాయ్స్ పాడిన ‘ఎల్వైరా’కు వెళ్లగా, సాంగ్ పురస్కారం మళ్లీ ఆ పాత పాటకే, దాన్ని రాసిన బాబీ బ్రాడక్, కర్లీ పుట్‌మన్‌లకే దక్కింది. ‘ఆల్వేస్ ఆన్ మై మైండ్’ కూడా 1982, 1983 సంవత్సరాల్లో వరుసగా సాంగ్ గెలిచింది. సింగిల్ ఆ ఏడాది మోగిన మోతను చూస్తుంది. సాంగ్, ఆ మోత ఆగాక కూడా మనసులో మిగిలినదాన్ని చూస్తుంది. ‘ఫాస్ట్ కార్’ మీ లెక్కకు లొంగకపోవడానికి కారణం కూడా ఇదేనని నా నమ్మకం. ట్రేసీ చాప్‌మన్ 1988లో విడుదల చేసిన ఆ పాట, ల్యూక్ కూంబ్స్ పాడేనాటికే 35 ఏళ్లు నిలిచి ఉంది.

మన దగ్గరి ఉదాహరణ ఒకటి చెబితే ఈ తేడా ఇంకా తేలికగా అర్థమవుతుంది. 2023లో ‘నాటు నాటు’కు వచ్చిన ఆస్కార్‌ను అందుకున్నది స్వరపరచిన కీరవాణి గారు, రాసిన చంద్రబోస్ గారు. ఆ వేదిక మీదే పాట పాడిన రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవలకు ఆ ప్రతిమ రాదు. సీఎంఏ సాంగ్ పురస్కారాన్ని ఆ కళ్లతో చూడాలి.

ఫ్రిస్కో_శ్రోత

నేనుండే టెక్సస్‌లోని ఫ్రిస్కోలోనే 2023, 2024, 2025 సంవత్సరాల్లో అకాడమీ ఆఫ్ కంట్రీ మ్యూజిక్, అంటే ఏసీఎం, పురస్కారాల సభ జరిగింది కాబట్టి ఆ ఫలితాలను కూడా ముందు పెడుతున్నాను. 2024లో అక్కడ సింగిల్ ‘ఫాస్ట్ కార్’కు వచ్చింది కానీ, సాంగ్ ‘నెక్స్ట్ థింగ్ యు నో’కు వెళ్లింది. 2025లో సింగిల్ ‘యు లుక్ లైక్ యు లవ్ మీ’కు వస్తే, సాంగ్ ‘డర్ట్ చీప్’ గెలిచింది. ఎంత డబ్బిచ్చినా తన నేల అమ్మనని చెప్పే మనిషి పాట అది. జాష్ ఫిలిప్స్ ఒక్కరే రాశారు. వెంచర్ల వాళ్లు వచ్చి గుమ్మంలో నిలబడితే పొలం ఇవ్వనన్న తాతల కథలు విని పెరిగిన నాకు ఆ పాట వినగానే గొంతు పట్టేసింది.

లెక్కల సంగతి పక్కన పెట్టి నేను కళ్లారా చూసినది చెప్పాలి. నాష్‌విల్ వెళ్లినప్పుడు బ్లూబర్డ్ కెఫేలో ఒక సాయంత్రం కూర్చున్నాను. తొంభై మంది పడితే నిండిపోయే గది అది. వేదిక మీద కాకుండా గది మధ్యలోనే నలుగురు రచయితలు ఒకరికొకరు ఎదురుగా కూర్చుని, ఇతరులు పాడి ప్రసిద్ధి చేసిన తమ పాటలను ఒట్టి గిటారుతో పాడారు. ఒకాయన రెండో చరణంలో ఒక మాట దగ్గర ఆగగానే, పక్కనున్న ముగ్గురూ గిటార్ల మీద చేతులు ఆపేసి తలలు వంచుకున్నారు. గదిలో గ్లాసు కదిలిన చప్పుడు కూడా లేదు. సీఎంఏ ఓటర్లలో రేడియో వారు, కంపెనీల వారితో పాటు ఇలాంటి రచయితలు, పబ్లిషర్లు కూడా ఉన్నారు. సాంగ్ గడి నింపే ముందు, ఆ గదిలో ఒట్టి గిటారుతో పాడినా ఈ పాట నిలుస్తుందా అని నేను నన్ను అడుగుతాను.

పల్లవి_చరణం

లెక్కలపుస్తకం గారి అభ్యంతరం న్యాయమైనది. 2013–16 నాలుగేళ్లను నేను వదిలేయకుండా ఉండాల్సింది. అయితే ఆ నాలుగేళ్లకూ తర్వాతి తొమ్మిదేళ్లకూ తేడా ఉందనే ఇప్పటికీ అంటాను. 2013 నాటి పోటీ చూడండి. ‘క్రూజ్’ పాటల ఆదరణను వారం వారం లెక్కగట్టే బిల్‌బోర్డ్ పత్రిక కంట్రీ పట్టికలో 24 వారాలు మొదటి స్థానంలో నిలిచిన హుషారు పాట. ‘ఐ డ్రైవ్ యువర్ ట్రక్’ యుద్ధంలో మరణించిన కొడుకు ట్రక్కును నడుపుకుంటూ తిరిగే ఒక తండ్రి మాటలు రేడియోలో విని, కోనీ హారింగ్టన్ మరో ఇద్దరితో కలిసి రాసిన పాట. ‘హంబుల్ అండ్ కైండ్’ అయిదుగురు పిల్లల తల్లి అయిన లోరీ మెకెన్నా తన పిల్లలకు చెప్పదలచిన మాటలను పేర్చి ఒంటరిగా రాసుకున్న పాట. అప్పట్లో హుషారు పాటకు సింగిల్ ఇచ్చి, మనసును కదిపిన పాటకు సాంగ్ ఇచ్చి, ఓటర్లు లెక్క సరిచేసుకున్నారనిపిస్తుంది. స్టేపుల్టన్ వంటి రచయితే గాయకుడై ముందుకు వచ్చాక, రెండూ ఒకే చోట దొరకడంతో ఆ అవసరం తగ్గింది. ఇది ఒక మనిషి మీది గౌరవమే అన్నారు. కానీ ‘ది బోన్స్’, ‘యు లుక్ లైక్ యు లవ్ మీ’ ఆయన పాటలు కావు కదా.

పట్టికలను నమ్ముకునేవారికి కూడా ఒక మాట. 2024లో నామినేషన్ పొందిన షబూజీ ‘ఎ బార్ సాంగ్’ బిల్‌బోర్డ్ హాట్ 100లో మొత్తం 19 వారాలు అగ్రస్థానంలో ఉండి అప్పటి రికార్డును సమం చేసింది. సింగిల్ పురస్కారం మాత్రం ఆ పట్టికలో ఎన్నడూ మొదటి స్థానానికి రాని ‘వైట్ హార్స్’కు వచ్చింది. అంతకు కొన్ని నెలల ముందే, ఫిబ్రవరిలో, ‘వైట్ హార్స్’ గ్రామీల్లో ఉత్తమ కంట్రీ సాంగ్‌గా గెలిచి ఉంది. ఆ సూచనను పట్టించుకోకుండా, షబూజీ పాట అగ్రస్థానంలో ఉన్న వారాల అంకె చూసి నేనూ ఆ ఏడాది తప్పు పేరే రాశాను.

లెక్కలపుస్తకం

గ్రామీ సూచన విషయంలో మీతో ఏకీభవిస్తాను, ఒక్క జాగ్రత్తతో. గ్రామీల్లో ఆ విభాగానికి కొత్తగా రాసిన పాట కావాలి కాబట్టి ‘ఫాస్ట్ కార్’ అక్కడ రచనకు పోటీ పడే వీలే లేదు; సీఎంఏలో పాత పాటైనా ఆ గడువులో పట్టికల్లో వినిపిస్తే పోటీలో ఉంటుంది. కాబట్టి పాత పాట ఎవరైనా కొత్తగా పాడిన ఏడాది గ్రామీ మౌనాన్ని ఓటమిగా చదవకూడదు. మీ నియమాన్ని నేను ఇంకా అంగీకరించలేదు. వచ్చే జాబితాలో పాడినవారు రాయని సింగిల్ గట్టి పోటీలో ఉంటే, సాంగ్ గడిలో మీరు వేరే పేరు రాసి ముందుగానే ఇక్కడ పెట్టండి. నేను రెండింటికీ అదే పేరు రాస్తాను.