పెద్దవాళ్లని డే కేర్‌కి పంపిన అనుభవం ఎవరికైనా ఉందా?

కేపీహెచ్‌బీ కోడలు: మా అత్తయ్యకి 74. మతిమరుపు మొదలై ఏడాది దాటింది. మొన్న పాలగిన్నె పొయ్యి మీద పెట్టి మర్చిపోయారు, గిన్నె మాడి మసైపోయింది. మేమిద్దరం ఆఫీసులకి వెళ్లేవాళ్లం. కూకట్‌పల్లి, మియాపూర్ వైపు పొద్దున దించి సాయంత్రం తెచ్చుకునే డే కేర్‌లో పెట్టినవాళ్లు చెప్పండి. నెలకి ఎంతవుతుంది? మధ్యాహ్నం షుగర్ మాత్ర ఎవరు వేస్తారు? బాత్రూమ్‌కి తోడు వెళ్తారా?

నిజాంపేట మాస్టారబ్బాయి: ఫీజు తర్వాత, ముందు అక్కడివాళ్ల మాట తీరు చూసుకోండి. మా నాన్న రిటైర్డ్ హెడ్మాస్టరు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో పెన్ను పెట్టుకుని వెళ్లారు. అక్కడి అమ్మాయి "తాతా, నువ్వు ఇటు కూసో" అందట. రెండో రోజు వ్యాన్ వచ్చి హారన్ కొడుతున్నా కుర్చీలోంచి లేవలేదు. మూడు నెలల అడ్వాన్స్ పోయింది.

ఓరుగల్లు పిల్లోడు: అన్నా, 'నువ్వు' అంటే మర్యాద లేనట్టా? మా ఇంట్లో అమ్మని, నాయనని, తాతని అందరినీ నువ్వే అంటాం. ఆ పిల్ల సొంత తాత అనుకుని పిలిచింది.

మాస్టారబ్బాయి: సొంత తాతని ఎలాగైనా పిలుచుకోండి. డబ్బు కట్టిన చోట 'మీరు' అనాలి.

ఓరుగల్లు పిల్లోడు: 'మీరు' అంటూనే గంటసేపు తడి డైపర్‌తో కూర్చోబెట్టిన చోటు నేను చూశాను. అది మర్యాదా?

ఫిజియో_14ఏళ్లు: ఇద్దరూ ఆపండి. వృద్ధుల ఫిజియోథెరపీలో నాది 14 ఏళ్ల అనుభవం. చూడాల్సింది బాత్రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీ ఉందా, నేల జారుతుందా అని. ఇంకొకటి ఎవరూ అడగరు. మతిమరుపు ఉన్న చాలామందికి పొద్దు వాలేసరికి గాభరా ఎక్కువవుతుంది, దాన్ని సన్‌డౌనింగ్ అంటారు. సరిగ్గా ఆ వేళకే వ్యాన్ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటుంది. మూడున్నరకల్లా ఇంటికి చేరేలా మాట్లాడుకోండి.

చిన్నకోడలు: ఏ చర్చలో చూసినా మీ 14 ఏళ్లే. కానీ వ్యాన్ మాట నిజం. మా అత్తగారు వ్యాన్‌లో "నన్నెక్కడికి తీసుకుపోతున్నారు" అని ఏడ్చేది.

బ్యాంకు బాబాయ్: అందరూ డబ్బు గురించి భయపడుతున్నారు. హెల్త్ ఇన్సూరెన్స్‌లో డే కేర్ కవర్ ఉంటుంది, క్లెయిమ్ చేసుకోండి.

చిన్నకోడలు: బాబాయ్‌గారూ, ఆ డే కేర్ వేరు! కంటిశుక్లం ఆపరేషన్, డయాలసిస్ లాంటివి. 24 గంటలు ఆస్పత్రిలో ఉండనక్కర్లేని చికిత్సలకి ఆ పేరు. 70 దాటినవాళ్లకి 5 లక్షల ఆయుష్మాన్ కార్డు కూడా ఆస్పత్రి చికిత్సకే.

నలుగురన్నదమ్ములం: మేం మా అమ్మని చివరిదాకా ఇంట్లోనే చూసుకున్నాం. వృద్ధాశ్రమం అనకుండా డే కేర్ అంటే పాపం తగ్గుతుందా?

కేపీహెచ్‌బీ కోడలు: రాత్రి మా అత్తయ్య నా పక్కనే పడుకుంటారండీ.

చిన్నకోడలు: నలుగురన్నదమ్ములు చూసుకున్నారా, నలుగురి భార్యలు చూసుకున్నారా?

నలుగురన్నదమ్ములం: మాటలు జాగ్రత్త.

ఎడిసన్ పద్మ: మా న్యూజెర్సీలో మనవాళ్ల సెంటర్లు బోలెడు. వ్యాన్, పప్పన్నం, భజనలు, క్యారమ్స్, బీపీ చూడటానికి నర్సు, అన్నీ ఉంటాయి. అర్హత ఉంటే మెడికెయిడ్, అంటే తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా, కడుతుంది. 65 దాటినవాళ్లకి ఉండే మామూలు మెడికేర్ బీమా కట్టదు. గ్రీన్ కార్డు మీద వచ్చిన పెద్దవాళ్లకి మెడికెయిడ్ రావాలంటే సాధారణంగా ఐదేళ్లు ఆగాలి. మా అమ్మకి అన్నాళ్లూ నేనే చేతినుంచి కట్టాను.

చిలకలూరిపేట సుబ్బు: మా అమ్మ పంపిన చోట రోజూ గోరుచిక్కుడో, పచ్చిబఠాణీయో ముందు పెడతారు. అమ్మకి నా పేరు గుర్తుండదు, ఈనె తీయడం మాత్రం చేతికి గుర్తుంది. సాయంత్రం వచ్చి "ఇవాళ డ్యూటీ ఎక్కువైందిరా" అంటుంది. రాత్రి ఒక్కసారి కూడా లేవకుండా నిద్రపోతోంది.

బ్యాంకు బాబాయ్: డబ్బులు తీసుకుని పని కూడా చేయించుకుంటున్నారా! పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ ఉంది కదా, 14567 ఎల్డర్‌లైన్, దానికి ఫోన్ చేసి చెప్పండి.

చిలకలూరిపేట సుబ్బు: ఫోన్ చేస్తే అమ్మే నన్ను తిడుతుంది సార్.

కేపీహెచ్‌బీ కోడలు: నిన్న ఒక చోటికి అత్తయ్యని వెంటబెట్టుకుని వెళ్లాను. మాత్రలు పేరు రాసిన డబ్బాలో ఇస్తే వాళ్లే వేసి, పుస్తకంలో టైము రాస్తారట. బాత్రూమ్‌కి ఆయా తోడు వెళ్తుంది. ఆ ఆయా "అమ్మా, నువ్వు ఏ ఊరు?" అంది. నాకు గుండె ఆగినంత పనైంది. అత్తయ్య "మాది సూర్యాపేట, నీది?" అని ఆమె చెయ్యి పట్టుకున్నారు. ఇరవై నిమిషాలు ఇద్దరూ వదల్లేదు. సోమవారం నుంచి సగం రోజు పంపి చూస్తాం.

ఓరుగల్లు పిల్లోడు: చూశావా అన్నా?

నిజాంపేట మాస్టారబ్బాయి: వాళ్లది సూర్యాపేట. మా నాన్నది తెనాలి.