సమస్యాపూరణం: సైకి లెక్కె కారు సంబరముగ

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం: "సైకి లెక్కె కారు సంబరముగ". పై మూడు పాదాలూ మీరు పూరించాలి. ఏది దేన్ని ఎక్కిందో మీరే తేల్చండి. హైదరాబాద్ రోడ్ల మీద కార్లకూ సైకిళ్లకూ నడిచే గొడవే విషయం. ఎన్నికల గుర్తుల జోలికి మాత్రం పోవద్దు, పోయినసారి రగడ చాలు.

పెడల్ పంతులు:
నగర వీధిలోన నలిగిపోవుట దేల
రింగు రోడ్డు చెంత రేకు నీడ
తొక్కుకొందు ననుచు దొరగారు కట్టగా
సైకి లెక్కె కారు సంబరముగ

నిర్వాహకుడు: భేష్! సైకిలే కారెక్కింది, ఎవరికీ దెబ్బ తగల్లేదు. అయితే రింగు రోడ్డు పక్కనున్న ఆ సైకిల్ ట్రాక్ పైన ఉన్నవి రేకులు కావు, సోలార్ పలకలు. "రింగు"కు యతి (పాదం మొదటి అక్షరంతో నడిమి అక్షరానికి కుదరాల్సిన మైత్రి) కోసం "రేకు" తెచ్చినట్టున్నారు.

పెడల్ పంతులు: యతి కోసమేనండీ. 2023 అక్టోబరులో తెరిచిన 23 కిలోమీటర్ల ట్రాక్ అది. నార్సింగి నుంచి కొల్లూరు దాకా హాయిగా తొక్కొచ్చు. అమీర్‌పేట నుంచి నార్సింగి దాకా తొక్కే ధైర్యమే లేదు. అందుకే కారు వెనక ర్యాక్ బిగించుకోవడం.

స్టీరింగ్ శాస్త్రి: రాంగ్ రూట్లో, చీకట్లో లైటు లేకుండా ఎదురొచ్చే సైకిళ్ల సంగతి ఎవరూ రాయరే! సరే, నా పూరణ మావాళ్ల మీదే.

అడ్డు తొలగు మనుచు హారను మోగించి
కసరి తిట్టినట్టి కారువాడె
ధరలు మండ నేడు దారిలో విడనాడి
సైకి లెక్కె కారు సంబరముగ

నిర్వాహకుడు: అ–హా యతి చెల్లుతుంది. "విడనాడి"కి కర్మ అయిన "కారు" మాత్రం క్రియ దాటి అవతల పడింది. దూరాన్వయం. పైగా కారు దారిలో వదిలేస్తే మళ్లీ సైకిళ్లకే కదండీ అడ్డం!

బెల్లు:
పసుపు గీత గీసి బాట మాదని చెప్ప
గీత చూడకుండ కారు తెచ్చి
పార్కు చేయ నెవరు పట్టించుకొందురు
సైకి లెక్కె కారు సంబరముగ

నిర్వాహకుడు: రెండో పాదంలో గీ–కా యతి చెల్లదమ్మా. హల్లులకు మైత్రి ఉంది, అచ్చులకు లేదు. "గీత దాటి వచ్చి కిలకిలనుచు" అంటే యతీ కుదురుతుంది, సంబరానికి ఆధారమూ దొరుకుతుంది.

స్టీరింగ్ శాస్త్రి: కారు ఎక్కింది బాటను కదా, సైకిలును కాదు.

బెల్లు: లక్షణార్థం అనుకోండి సార్, సైకిలంటే సైకిలు బాట అని. మా ఆఫీసు ముందు లేన్ అంతా కార్లే. వెనక్కి చూడకుండా తలుపు తీస్తారు, తగిలేది మా మోకాళ్లకు.

స్టీరింగ్ శాస్త్రి: కుడి తలుపు ఎడమ చేత్తో తీయమనండి. ఒళ్లు తిరుగుతుంది కాబట్టి వెనక వచ్చేవాళ్లు కనబడతారు.

నిర్వాహకుడు: ఆ మాటే పద్యంలో పెట్టండి శాస్త్రిగారూ. ఆదివారం దాకా గడువుంది.